రెండు గడియల ఆలస్యం

గోడ మీది క్యాలెండర్లో
నల్లటి సున్నా ఒకటి, తెల్లటి సున్నా ఒకటి.
రెంటికీ మధ్యన సగం కొరికి పెట్టినట్టు ఈ దినం:
కార్తీక బహుళ అష్టమి, మఖ.
పక్కనే పెన్సిలుతో నేను రాసుకున్నది
పన్నెండూ అయిదు.

పున్నమినాడు పొద్దు గూకంగానే వచ్చినోడు
రోజుకు రెండు గడియలు వెనకబడి వెనకబడి
ఇప్పుడు నడిరేయికి గానీ రాడు.
అందాక ఈ చీకటి మాది కాదు,
కౌండిన్య అడివిది.

ఎనిమిదికే మంచె ఎక్కినా.
కింద పిడకల పొగలో మిరపకాయల ఘాటు,
చేతిలో రేకు డబ్బా,
ఒడిలో నాలుగు లక్ష్మీబాంబులు, తడవకుండా కవరు చుట్టి.
రాగివెన్నులు పిడికిలి మూసుకున్నాయి.
కోత అమాస దాటినంక అన్నారు కూలోళ్లు.

అవతలి కయ్యలో నుంచి చెంగల్రాయుడు అరుస్తాడు,
"ఆయప్ప వచ్చినాడా?"
ఎవురని అడగాలి నేను.
మా పక్క ఇద్దరినీ ఆయప్పనే అంటాం.
ఒకడు వచ్చే టైము క్యాలెండర్లో ఉంటాది.
ఇంకొకడు వచ్చిన టైము
పోయినేడు నా చెరుకుతోటలో ఉండింది, పొద్దున చూస్తే.
పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడని భయం.

పిల్లలకోడి నడినెత్తి మీదకొచ్చింది.
పలమనేరు చలి గోనెపట్ట లోపలికి చెయ్యి పెడతా ఉండాది.

పోయిన నెల అష్టమికి నా కూతురు హేమలత
ఈ మంచె పలక మీదనే బొగ్గుతో గీసి చెప్పింది:
"ఇదిగో భూమి, ఇట్ల పరిగెత్తతాది.
బహుళాష్టమినాడు చంద్రుడు మన దారిలో, మనకు ముందర ఉంటాడు.
ఆయన ఇప్పుడు నిలబడిన చోటికి
మూడు గంటలా నలభై నిమిషాల్లో మనం పోతాం."
"పోయి గుద్దుకుంటామా?"
"లేదు మా. అప్పటికి ఆయన ముందరికి పోయుంటాడు."
బస్సు ముందర సైకిలోడి మాదిరి అన్నమాట.
బొగ్గుగీత వానకు సగం పోయింది.
సాయంత్రం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది,
ఇయ్యాల శానా దూరంలో ఉండాడంట,
నాలుగు లక్షల నాలుగు వేల కిలోమీటర్లు.
సరే, తిన్నావా అన్నా.

పన్నెండూ అయిదయింది. రాలేదు.
క్యాలెండర్ రాసినోళ్లది చదును నేల,
మాకు కొండ అడ్డం.
ఇంకో పావుగంటకు
కొట్టిన టెంకాయచిప్ప మాదిరి
నోరు పైకి పెట్టుకొని, చిన్నగా, పచ్చగా లేచినాడు.
చేను మీద పాలనురగంత వెలుతురు.

ఆ వెలుతురుకు
గట్టు పక్కన ఉన్న బండరాయి చెవి ఆడించింది.

ఎప్పుడొచ్చినాడు?
ఇప్పుడా, ఎనిమిదికా,
నేను గోనెపట్ట సర్దుకునేటప్పుడా?
ఒంటిదంతం.
అది కూడా సగమే.

"ఆయప్ప వచ్చినాడా?" చెంగల్రాయుడు.
"వచ్చినాడు."
"ఎవురు?"
నోరు పెగల్లేదు. చెయ్యి డబ్బా మీద పడింది,
వాయించినా, వాయించినా,
రెండు బాంబులు పేలినాయి, రెండు తుస్సుమన్నాయి.
ఆయప్పకు తొందరేమీ లేదు.
ఒక మూల కోసుకున్నట్టు నడిచి
వంక దిగిపోయినాడు.
మూడు మూటలు పోయినాయి, కొంచెం అటూ ఇటూగా.

మంచె దిగి చూసేసరికి మూడూ యాభై.
లెక్క ప్రకారం ఇదే ఆ చోటు,
కొండ దాటేటప్పుడు చంద్రుడు నిలబడిన చోటు.
వచ్చేసినాం, నేనూ చెంగల్రాయుడూ నలిగిన రాగులూ.
ఇక్కడ ఏమీ లేదు.
అడుగులో ఊరిన నీళ్లు, పొగలు కక్కే పెంట.
ఆయన ఇంకా ముందర, ఇంకా పైన
ఎక్కతానే ఉండాడు.

ఇంటికి పోయి, కాళ్లు కడుక్కోకుండానే
నవమి పక్కన రాసినా:
పన్నెండూ యాభై మూడు.
కొండకు పావుగంట కలుపుకోవాల.